ఔర్ హమ్‌నవా

కవ్వాలీ క్యాసెట్ల జమానా మీకు గుర్తుండే ఉంటుంది. అట్ట మీద ఉస్తాద్ ఫోటో పెద్దగా ఉండేది. కింద ఆయన పేరు. ఆ పేరు పక్కన చిన్న అక్షరాల్లో రెండు మాటలు: ‘ఔర్ హమ్‌నవా’. ఇంకొందరు తోటి గొంతులు అని అర్థం. వాళ్లు ఎంతమందో, వాళ్ల పేర్లేమిటో ఆ అట్ట మీద ఉండేది కాదు. ఉస్తాద్ ఊపిరి తీసుకునే చోట పాటను కింద పడనివ్వకుండా పట్టుకునేది మాత్రం వాళ్లే. చప్పట్లు వాళ్లవే. ముఖ్డాకి తిరిగి తీసుకొచ్చేదీ వాళ్లే. మహఫిల్ అయిపోయాక దాద్ అంతా ఒక్క పేరుకి పోతుంది.

ఉర్దూ మీడియంలో పదో తరగతి దాకా చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నదాన్ని నేను. అక్కడ ఇదే పనికి ఇంకో మాట దొరికింది: వంత. బుర్రకథలో ముగ్గురుంటారు కదా. నడుమ తంబురాతో కథకుడు, అటొకరు ఇటొకరు వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం చెబుతారు, ఇద్దరూ కలిసి కథకుడికి ‘తందాన తాన’ అందిస్తారు. బుర్రకథకు పద్మశ్రీ తెచ్చిన షేక్ నాజర్ మన మనిషేనని తెలిసిన రోజు క్లాసులో నేను కొంచెం నిటారుగా కూర్చున్నాను. ఆ తర్వాత పత్రికలో ఉద్యోగానికి వచ్చి చూస్తే, ‘వంత పాడటం’ అనే మాటకు ఇక్కడ మిగిలింది తిట్టు మాత్రమే. ఫలానా మంత్రికి ఫలానా నాయకుడు వంత పాడాడని వారానికోసారైనా హెడ్డింగ్ పెడతాం. ఇంకొకరి పాటకు గొంతు ఇవ్వడం చెంచాగిరీ అని తెలుగులో ఎప్పుడు ఖాయమైందో నాకు తెలీదు.

ఆ మాటకు పోయిన ఇజ్జత్ తిరిగి ఇచ్చే ఒక ఆల్బం గురించి ఇవాళ చెప్పాలనుంది. అది మన దేశంది కాదు, మన జబాన్‌లోనూ లేదు. 1987 మార్చిలో అమెరికాలో వచ్చింది. పేరు ‘ట్రియో’. ముగ్గురు ఆడవాళ్లు పాడారు: డాలీ పార్టన్, లిండా రోన్‌స్టాట్, ఎమ్మీలూ హ్యారిస్. ముగ్గురూ అప్పటికే సొంతంగా పెద్ద పేర్లు. ముగ్గురి పేరు మీద కలిసి వచ్చిన మొదటి ఆల్బం అదే. పదకొండు పాటలు, మొత్తం కలిపి 40 నిమిషాలు కూడా పట్టదు. అందులో ఉస్తాద్ ఎవరో, హమ్‌నవా ఎవరో పాట పాటకూ మారిపోతుంటుంది.

నాకు అది పరిచయమైంది డెస్క్ మీద. 2013 ఆగస్టులో ఒక రాత్రి ఏజెన్సీ వార్త వచ్చింది. లిండా రోన్‌స్టాట్‌కు పార్కిన్‌సన్స్ వచ్చిందనీ, ఇక పాడలేనని ఆమే చెప్పిందనీ. లోపలి పేజీలో నాలుగు లైన్ల ఐటమ్ చేయమన్నారు. ఆమె కంట్రీ పాటలు కూడా పాడిందని అందులో ఉంది. కంట్రీని తెలుగులో ఏమని రాయాలి? దేశం అంటే తప్పు. పల్లె పాట అంటే సగం నిజం. జానపదం అంటే మన వాళ్లకు ఇంకేదో గుర్తొస్తుంది. చిన్నప్పటి ఉర్దూ కితాబుల్లో అయితే ‘వతన్’ అన్న మాటలో దేశమూ ఉంది, పుట్టిన ఊరూ ఉంది, ఊరు వదిలిపెట్టినవాడి దిగులూ ఉంది. ఆ మూడో అర్థమే కంట్రీ సంగీతానికి దగ్గర. చివరికి ‘కంట్రీ’ అనే రాసి పంపించాను. డ్యూటీ అయ్యాక ఇయర్ ఫోన్స్ పెట్టుకుని, ఆ ఐటమ్‌లో పేరున్న ఆల్బం విన్నాను. అప్పట్నుంచి వింటూనే ఉన్నాను.

ఈ ముగ్గురూ ఎక్కడెక్కడి వాళ్లో ముందు చెప్పాలి.

డాలీ 1946లో టెన్నెసీ కొండల్లో, సెవియర్ కౌంటీలో పుట్టింది. పన్నెండు మంది పిల్లల్లో నాలుగోది. కాన్పు చేసిన డాక్టరుకు ఇవ్వడానికి డబ్బుల్లేక, నాన్న మక్కపిండి బస్తా ఇచ్చాడు. ఆ నాన్నకు చదవడం, రాయడం రావు. అమ్మ ఎవీ లీకి మాత్రం కొండల పాత పాటలన్నీ నోటికి వచ్చు. తర్వాత ఎప్పుడో, 1995లో, చదువు రాని ఆ నాన్న కోసమే డాలీ ‘ఇమాజినేషన్ లైబ్రరీ’ మొదలుపెట్టింది. పుట్టినప్పటి నుంచి ఐదేళ్లు వచ్చే దాకా పిల్లల ఇంటికి నెలకో పుస్తకం ఉచితంగా పంపిస్తారు. ఇప్పటికి 20 కోట్లకు పైగా పుస్తకాలు పంచారు.

లిండా కూడా 1946లోనే పుట్టింది. ఊరు అరిజోనా రాష్ట్రంలోని టూసాన్, మెక్సికో సరిహద్దుకు దగ్గర. తాత మెక్సికోలోని సొనోరా నుంచి వచ్చి అక్కడ స్థిరపడి హార్డ్‌వేర్ దుకాణం పెట్టాడు. నాన్న ఇంట్లో స్పానిష్ పాటలు పాడేవాడు. బయట స్కూల్లో, రేడియోలో ఇంగ్లిష్. డెబ్బైల నాటికి లిండా అమెరికాలో రాక్ పాడే ఆడవాళ్లలో అందరికంటే పెద్ద స్టార్.

ఎమ్మీలూ 1947లో అలబామాలో పుట్టింది. నాన్న సైన్యంలో అఫ్సర్. కొరియా యుద్ధంలో ఖైదీగా చిక్కి నెలల తరబడి అక్కడే ఉన్నాడు. ఆమె చంటిపిల్లతో, ఒంటరిగా, వాషింగ్టన్ క్లబ్బుల్లో పాడుకుంటున్నప్పుడు గ్రామ్ పార్సన్స్ అనే గాయకుడికి తారసపడింది. అతని ఆల్బంలలో రెండో గొంతుగా పాడింది. అతను 1973 సెప్టెంబర్‌లో, 26 ఏళ్లకే చనిపోయాడు. వంత పాడటం నేర్పినవాడు పోయాక ఆమె చేతిలో సగం పాట మిగిలింది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట ఉంది. నాకు ఈ ఆల్బం కంటే ముందు అదే గుర్తొస్తుంది.

గ్రామ్ పోకముందే, 1973లోనే, హ్యూస్టన్‌లో లిండా మొదటిసారి ఎమ్మీలూ పాట విన్నది. లిండా అప్పుడు నీల్ యంగ్‌తో టూర్‌లో ఉంది. తను ఏం చేయాలని తంటాలు పడుతోందో అదే పని ఎదురుగా ఇంకో అమ్మాయి తనకంటే బాగా చేస్తోంది. ఆ క్షణం గురించి లిండా తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పింది. ముందు మనసు చివుక్కుమన్నదట. వెంటనే రెండు దారులు కనిపించాయట. ఇది తలుచుకుని కుమిలిపోతే ఆ పాట వినే సుఖం తనకు ఎప్పటికీ ఉండదు. ఒప్పుకుని ప్రేమిస్తే, ఏమో, రేపు పక్కన నిలబడి పాడే అవకాశమైనా రావచ్చు. రెండో దారి పట్టింది. గ్రామ్ పోయి ఎమ్మీలూ కుప్పకూలిన రోజుల్లో లాస్ ఏంజెలిస్‌కి పిలిచి తన షోల్లో పక్కన నిలబెట్టుకుంది.

స్కూల్లో మాకు ఉర్దూ చెప్పిన ఉస్తానీ హసద్‌కీ రష్క్‌కీ ఫరఖ్ చెప్పేది. హసద్ అంటే ఎదుటి మనిషి దగ్గరున్నది ఊడిపోవాలని కోరుకోవడం. రష్క్ అంటే, అది వాళ్లకు ఉండనీ, నాకూ దొరికితే ఎంత బాగుండు అనుకోవడం. తెలుగులో అసూయ ఉంది, ఈర్ష్య ఉంది, ఓర్వలేనితనం ఉంది. మూడింట్లోనూ చేదే. రష్క్‌లో ఉన్న ఆ తీపి నొప్పికి తెలుగులో ఒక్క మాట కోసం వెతుకుతూనే ఉన్నాను. ‘ట్రియో’ ఆ నొప్పిలోంచి వచ్చిన ఆల్బం.

డాలీ ఎలా కలిసింది? ఎమ్మీలూ 1975లో తన ఆల్బంలో డాలీ రాసిన ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’ పాడింది. పీలికలు కుట్టి అమ్మ చేసిచ్చిన కోటు గురించిన పాట అది. లిండా, ఎమ్మీలూ ఇద్దరూ డాలీకి ముందు నుంచీ మురీదులే. తర్వాత ముగ్గురూ ఒక ఇంట్లో కలిసినప్పుడు, ఊరికే సోఫాలో కూర్చుని పాత పాట ఎత్తుకుంటే మూడు గొంతులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. 1976లో డాలీ టీవీ షోలో ముగ్గురూ కలిసి పాడారు. 1978లో ఆల్బం చేద్దామని స్టూడియోలోకి వెళ్లారు.

అది కుదరలేదు. డాలీది ఒక కంపెనీ, లిండాది ఒకటి, ఎమ్మీలూది ఇంకొకటి. ముగ్గురికీ ముగ్గురు మేనేజర్లు, మూడు డైరీలు. హడావిడిగా చేసిన పని వాళ్లకే నచ్చలేదు, పక్కన పెట్టేశారు. ఆ రోజుల్లో కలిసి పాడిన పాటలు కొన్ని ముక్కలుగా ఒక్కొక్కరి సొంత ఆల్బంలలో బయటికొచ్చాయి. ‘మిస్టర్ శాండ్‌మన్’ ఎమ్మీలూ ఆల్బంలోకి పోయింది, ‘మై బ్లూ టియర్స్’ లిండా ఆల్బంలోకి పోయింది. ఉమ్మడి ఆస్తి పంచుకున్నట్టు పంచుకున్నారు. ఇంకెవరైనా అయితే అక్కడితో ఖతం. వీళ్లు ఎనిమిదేళ్లు ఆగారు. మధ్యలో డాలీ సినిమాల్లోకి వెళ్లింది, లిండా పాత జాజ్ పాటలు పాడింది, ఎమ్మీలూ తన ఊళ్ల టూర్లు తను చేసుకుంది. ఫోన్లు మాత్రం ఆగలేదు. 1986లో డాలీకీ ఆమె కంపెనీకీ తెగిపోయింది. ఒక ద్వారం మూసుకుంటే దారి తెరుచుకుంది. ఆ సంవత్సరమే రికార్డింగ్ చేశారు.

ప్రొడ్యూసర్ జార్జ్ మాసెన్‌బర్గ్. వాయిద్యాల విషయంలో సలహాదారు జాన్ స్టార్లింగ్ అనే ఆయన. పాటగాడే, వృత్తికి ఈఎన్‌టీ డాక్టర్. గొంతులు చూసే డాక్టరును పక్కన పెట్టుకుని గొంతుల ఆల్బం చేశారన్నమాట. కరెంటు వాయిద్యాల మోత తగ్గించారు. ఫిడేల్, మాండలిన్, గిటార్, అక్కడక్కడా స్టీల్ గిటార్. మార్క్ ఓ’కానర్, ఆల్బర్ట్ లీ, రై కూడర్, డేవిడ్ లిండ్లీ లాంటి గొప్ప ఫన్‌కార్లు వచ్చి, ఆ మూడు గొంతులకు అడ్డం రాకుండా వాయించి వెళ్లారు. వాళ్లూ హమ్‌నవాలే.

ఇదంతా తెల్లవాళ్ల పల్లె సంగీతం, మనకేం సంబంధం అనుకునేవాళ్లకు ఒక మాట. కంట్రీ అనగానే గుర్తొచ్చే బాంజో, గులాములుగా పట్టుకొచ్చిన పశ్చిమ ఆఫ్రికా మనుషులతో పాటు అమెరికా చేరింది. స్టీల్ గిటార్ హవాయి దీవులది. పాత హిందీ సినిమా పాటల్లో దాని మూలుగు మనమంతా విన్నదే. మాండలిన్ ఇటలీ నుంచి వచ్చింది. దాని మీద మన పాలకొల్లు శ్రీనివాస్ కర్ణాటక సంగీతమే వాయించాడు. ఏ వాయిద్యానికీ ఒక్క వతన్ ఉండదు.

ఇక ఆ మూడు గొంతులు ఏం చేస్తాయో చెప్పాలి. మన కవ్వాలీలోనైనా, కర్ణాటక కచేరీలోనైనా పదిమంది పాడినా స్వరం ఒకటే. అందరూ ఒకే మెట్టు మీద నిలబడతారు. వీళ్ల హార్మొనీలో అలా కాదు. ఒకరు ‘స’ పాడుతున్నప్పుడు అదే మాటను, అదే క్షణంలో ఇంకొకరు ‘గ’ మీద పాడతారు, మూడోవారు ‘ప’ మీద పాడతారు. మూడు వేరు మెట్లు, మాట ఒకటే. ఇందులో రెండో గొంతు పని చాలా కష్టం. ముందు పాడేవాళ్లు ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడే తీయాలి. వాళ్లు మాట చివర ఎంత సాగదీస్తే అంతే సాగదీయాలి. ఒక్క ఇసుమంత ఎక్కువైనా మొదటి గొంతు మునిగిపోతుంది. పాడుతూనే వినాలి. పాడటం కంటే వినడమే ఎక్కువ.

‘టు నో హిమ్ ఈజ్ టు లవ్ హిమ్’లో ముందు నడిచేది ఎమ్మీలూ. మెత్తటి మొహబ్బత్ పాటలా ఉంటుంది. దాన్ని 1958లో రాసినవాడు ఫిల్ స్పెక్టర్ అనే కుర్రాడు. పాట పుట్టింది మాత్రం వాళ్ల నాన్న సమాధి మీది కత్బా నుంచి. అది తెలిశాక విన్నప్పుడు పాట రంగు మారిపోయింది నాకు. ‘టెల్లింగ్ మీ లైస్’లో లిండా ముందుంటుంది. మోసపోయిన ఆడమనిషి కోపం. మిగతా ఇద్దరూ వెనక నుంచి, ఏడుస్తున్న చెల్లెలి వీపు నిమిరినట్టు పాడతారు. ‘వైల్డ్‌ఫ్లవర్స్’ డాలీ సొంత పాట. పెరట్లో ఇమడని అడవిపువ్వు కథ. కొండ ఊరి నుంచి గిటార్ పట్టుకుని బయల్దేరిన అమ్మాయి ఆత్మకథ అది. ‘హోబోస్ మెడిటేషన్’ జిమ్మీ రోజర్స్‌ది. రైళ్లలో బ్రేక్‌మన్‌గా పని చేసి, టీబీతో 35 ఏళ్లకే పోయినవాడు. గూడ్సు బండ్లు పట్టుకుని తిరిగే దిమ్మరి ఒకడు, చచ్చాక పైలోకంలోనైనా ఫకీరుకీ అమీరుకీ ఫరఖ్ ఉండదా అని ఆలోచిస్తాడు. మగవాడి పాట, రైల్వే పాట, దాన్ని లిండా పాడుతుంటే ఎక్కడా ఎబ్బెట్టుగా ఉండదు. చివరి పాట ‘ఫార్దర్ అలాంగ్’ చర్చి పాట. మంచివాళ్లకే ఎందుకీ కష్టాలు అని అడిగి, ముందుకు పోయాక తెలుస్తుందిలే అని సమాధానపడుతుంది. మన నానీమాలు ఆ మొత్తాన్నీ ‘సబ్ర్ కర్’ అన్న రెండు మాటల్లో చెప్పేవాళ్లు.

పదో పాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ‘రోజ్‌వుడ్ కాస్కెట్’. ఎవరు రాశారో తెలియని పాత పాట. చావుకు దగ్గరపడ్డ ఒక అమ్మాయి, చెక్కపెట్టెలో దాచిన ఉత్తరాలు తెచ్చి వినిపించమని అక్కచెల్లెళ్లను అడుగుతుంది. ఆ పాటను ఆల్బం కోసం కూర్చింది ఎవరని చూస్తే ఎవీ లీ పార్టన్ అని ఉంది. డాలీ వాళ్లమ్మ. కొండ మీద చిన్న ఇంట్లో, పన్నెండు మంది పిల్లల మధ్య, పనిలో పనిగా పాడుకున్న పాటకు పది లక్షల అట్టల మీద ఆమె పేరు అచ్చయింది. మగవాళ్ల పేర్లే అచ్చయ్యే చోట ఒక అమ్మ పేరు.

అది చూసిన రోజు మా ఇల్లు గుర్తొచ్చింది.

మాదీ ముగ్గురి జట్టే ఒకటి ఉండేది. బడీ ఖాలా, అమ్మీ, పక్కింటి ఆపా. మహబూబ్‌నగర్‌లో మా మొహల్లాలో ఎవరింట మాంఝా జరిగినా, సాంచక్ జరిగినా, ఢోలక్ వీళ్లకే వచ్చేది. దక్కనీలో ఢోలక్ కే గీత్. దుల్హా వాళ్లమ్మను ఆటపట్టించే పాటలు, సమ్‌ధన్‌ను ఏడిపించే పాటలు, బిదాయీ ముందు రాత్రి పాడి అందరూ కళ్లు తుడుచుకునే పాటలు. ఆపా ఢోలక్ చెక్క మీద చంచాతో తాళం వేసేది. బడీ ఖాలా మొదటి మిస్రా ఎత్తుకునేది. అమ్మీ రెండో మిస్రా అందుకునేది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లంతా ముఖ్డా పాడేవాళ్లు. నేను ఆ గుంపులో మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని నిద్రపోయేదాన్ని. మౌసీఖీ మీద మన ఇళ్లల్లో ఉండే బహస్ నాకు తెలుసు. మా దాదా కూడా సణిగేవారు. సణుగుతూనే, పాట అయ్యేదాకా దీవాన్‌ఖానాలో హుక్కా పక్కన పెట్టి కూర్చునేవారు.

మొన్న రంజాన్ తర్వాత ఊరెళ్లినప్పుడు ఈ ‘రోజ్‌వుడ్ కాస్కెట్’ అమ్మీకి వినిపించాను. అమ్మీకి ఇంగ్లిష్ రాదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది. “సగే బెహనాఁ హై క్యా యే?” అంది. సొంత అక్కచెల్లెళ్లా వీళ్లు అని. కాదమ్మీ, సహేలీలు అన్నాను. కాసేపు ఊరుకుని, “మరి ఇద్దరు ఎందుకు తగ్గి పాడుతున్నారు?” అని అడిగింది. భాష తెలియని పాటలో తగ్గి పాడుతున్నవాళ్లను పట్టుకుంది. యాభై ఏళ్లు రెండో మిస్రా పాడిన చెవి అది.

ఖాలా పోయి ఆరేళ్లయింది. మా ఖాన్‌దాన్ పెళ్లిళ్లలో ఇప్పుడు డీజే ఉంది. ఆ పాటలన్నీ ఒకసారి పాడు, ఫోన్‌లో ఎక్కిస్తానని అమ్మీని అడిగితే, “నక్కో మా” అంది. సిగ్గు అనుకున్నాను. తర్వాత విషయం చెప్పింది. ఆమెకు వచ్చినవన్నీ రెండో మిస్రాలే. మొదటివి ఎత్తుకోవాల్సిన అవసరం యాభై ఏళ్లలో ఎప్పుడూ రాలేదు. “పహెలా మిస్రా ఆపా తీసుకుపోయింది. నా దగ్గర జవాబులే ఉన్నాయి, సవాళ్లు లేవు,” అంది. అన్నం కలుపుతూ మామూలుగా అన్న మాట. నాకు ఆ రోజు ముద్ద దిగలేదు.

వంతకు ఉన్న ఇజ్జత్ ఎంతో, దానికున్న ప్రమాదమూ అంతే. జోడు పోతే పాటే పోతుంది.

‘ట్రియో’ వైపు మళ్లీ వస్తాను. ఆల్బం బాగా నడిచింది. కంట్రీ చార్టులో ఐదు వారాలు మొదటి స్థానంలో ఉంది. అన్ని రకాల సంగీతం కలిపి లెక్కేసే చార్టులో ఆరో స్థానం దాకా ఎక్కింది. అమెరికాలోనే పది లక్షలకు పైగా అమ్ముడైంది. గ్రామీ వచ్చింది. ఆ ఏటి మేటి ఆల్బం పోటీలో మైకేల్ జాక్సన్, విట్నీ హ్యూస్టన్, ప్రిన్స్, యూటూల పక్కన ఈ ఫిడేళ్ల, మాండలిన్ల ఆల్బం కూడా నిలబడింది. గెలిచింది యూటూ. అయినా ఆ పేర్ల వరసలో ‘రోజ్‌వుడ్ కాస్కెట్’ ఉండటం చిన్న విషయమా?

అదే 1987లో, నవంబర్‌లో, లిండా ఇంకో పని చేసింది. నాన్న పాడిన మెక్సికన్ పాటలతో పూర్తిగా స్పానిష్‌లో ఒక ఆల్బం తెచ్చింది. ‘కాన్సియోనెస్ దె మి పాద్రె’, నాన్న పాటలు అని అర్థం. ఇంగ్లిష్ దేశంలో, ఇంగ్లిష్ పాటల మహారాణి, ఇంటి జబాన్‌లో పాడింది. 20 లక్షలకు పైగా అమ్ముడైంది. ఒకే సంవత్సరంలో ఒక చేత్తో సహేలీ వాళ్లమ్మ పాట, ఇంకో చేత్తో తన నాన్న పాట. నాకు ఇది చాలా దగ్గరగా తగులుతుంది. ఆఫీసులో “మీ తెలుగు ఇంత బాగుందేంటండీ” అని ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. చుట్టాల దావత్‌లో “ఉర్దూ యాద్ హై నా?” అని ఎగతాళి చేస్తారు. రెండు చోట్లా నేను పరీక్ష రాస్తున్నట్టే ఉంటుంది. లిండాకు ఒక జబాన్ కోసం ఇంకో జబాన్ వదులుకోవాల్సిన పని పడలేదు. ఇంగ్లిష్‌లో సంపాదించిన పేరును స్పానిష్‌కి వంతగా నిలబెట్టింది.

వీళ్ల దోస్తీ పరీల కథ అని అనుకోవద్దు. రెండో ఆల్బం 1994లో రికార్డు చేశారు. ఎప్పుడు విడుదల చేయాలన్న దగ్గర తేడాలొచ్చాయి. డైరీలు కుదరలేదు, మాటలు చెడ్డాయి. లిండా ఆ పాటలు కొన్నింటిని 1995లో తన ఆల్బంలో వేసుకుంది. డాలీ గొంతు తీసేసి. మూడు గొంతులుండాల్సిన చోట ఒకటి ఖాళీ. దాయాదులు మాట్లాడుకోని ఇళ్లు మనకు తెలుసు కదా, అట్లాంటి ఏళ్లే అవి. తర్వాత చల్లబడ్డారు. 1999లో ‘ట్రియో 2’ మూడు గొంతులతో, ఎట్లా పాడారో అట్లాగే వచ్చింది. అందులో ‘ఆఫ్టర్ ది గోల్డ్ రష్’ పాటకు మళ్లీ గ్రామీ వచ్చింది. ఆ ఐదేళ్ల గురించి తెలిశాక నాకు మొదటి ఆల్బం మీద గౌరవం పెరిగింది. తగ్గి పాడటం ఒకసారి నేర్చుకుంటే వచ్చేసే విద్య కాదు. ప్రతి పాటకూ మళ్లీ మొదటి నుంచి తగ్గాలి.

లిండా చివరి కచేరీ 2009లో చేసింది. పార్కిన్‌సన్స్ అనుకున్నది దాని లాంటిదే ఇంకో నాడీ జబ్బని, ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ అని, డాక్టర్లు తర్వాత తేల్చారు. 2019లో ఆమె మీద వచ్చిన డాక్యుమెంటరీలో ఒక చోట, ఇంట్లో మేనల్లుడి పక్కన, బంధువు ఒకాయన పక్కన కూర్చుని స్పానిష్ పాట ఒకటి సన్నగా అంటుంది. ఒకప్పుడు స్టేడియంలు నింపిన గొంతు ఇంటివాళ్ల పాటకు వంతగా, వినీ వినిపించనంతగా. అది చూసి అయ్యో అనిపించలేదు నాకు. ఆమె ఆఖరికి కూడా పాట లోపలే ఉంది. ముందు నడిచే బలం పోయినా, పక్కన నిలబడే చోటు ఇంట్లో ఇంకా ఉంది.

అమ్మీకి ఆ చోటు ఎట్లా చూపించాలా అని ఆలోచిస్తుంటే జిద్దాలో ఉన్న ఖాలా కూతురు యాదికొచ్చింది. చిన్నప్పుడు ఖాలా ఒళ్లోనే కూర్చునేది. వాట్సాప్‌లో అడిగాను. వారం రోజులు జవాబు లేదు. ఒక జుమ్మా రోజు సాయంత్రం వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక కుక్కర్ విజిల్, పిల్లల గోల. మధ్యలో ఒక మొదటి మిస్రా, అచ్చం ఖాలా ఎత్తుకున్నట్టే, మాట చివర చిన్న విరుపుతో సహా. స్పీకర్‌లో పెట్టాను. అమ్మీ బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. చేయి ఆగలేదు. మిస్రా అయిపోగానే రెండోది దానంతటదే బయటికొచ్చింది.

ఇప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టాను. కుడివైపు పేజీలో ఉర్దూ లిపిలో, ఎడమవైపు తెలుగు లిపిలో. మా పిల్లలు తెలుగులోనే చదవగలరు కనుక. ఇప్పటికి పద్నాలుగు పాటలయ్యాయి. నాలుగింటికి మొదటి మిస్రాలు దొరకలేదు. ఆ చోటు ఖాళీగా వదిలేశాను. అమ్మీ ఊహించి నింపనివ్వలేదు. “ఆపా చోటు అది, ఉండనీ,” అంది. ప్రతి పాట కింద ఎవరు ఎత్తుకున్నారు, ఎవరు అందుకున్నారు, చంచా ఎవరిది అని ముగ్గురి పేర్లూ రాస్తున్నాను.

‘ట్రియో’ మీకు ఫోన్‌లోనే దొరుకుతుంది. ఇంగ్లిష్ పాటలని భయపడకండి. ‘వైల్డ్‌ఫ్లవర్స్’తో మొదలుపెట్టండి. మొదటిసారి ముందు పాడే గొంతు వెంట పోండి. రెండోసారి దాన్ని వదిలేసి మిగతా ఇద్దరి వెంట పోండి. ఆ తర్వాత మీ ఇంట్లో ఎవరైనా రెండో మిస్రాలు మాత్రమే తెలిసినవాళ్లుంటే, వాళ్ల జోడు ఎవరో, ఏ ఊళ్లో ఉన్నారో కనుక్కోండి. ఇద్దరూ ఉన్నప్పుడే.